లినక్స్‌కు మారాలనుకుంటే: ముందు ప్రోగ్రామ్‌లు, ఆఖరున సిస్టమ్

విండోస్ బదులు వేసుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్. దాన్ని వాడి చూద్దామనుకున్న చాలామంది ఒక శనివారం రాత్రి కూర్చుని సిస్టమ్ మొత్తం మార్చేస్తారు. ఆదివారం మధ్యాహ్నానికి ప్రింటర్ పలకదు, ఆఫీసు ఫైలు తెరిస్తే పేరాలు చెదిరిపోయి ఉంటాయి, రోజూ వాడే ప్రోగ్రామ్ ఎక్కడా దొరకదు. సోమవారం పొద్దున్నే పని. దాంతో పాతదే మళ్లీ వేసుకుని, ఇది మనకు పడదని తేల్చేస్తారు. వాళ్లకు తెలివి తక్కువై కాదు, పని మొదలుపెట్టిన వరుస తిరగబడింది, అంతే.

నేను పదేళ్లకు పైగా ఇంట్లోనూ పనిలోనూ లినక్సే వాడుతున్నాను. అడిగినవాళ్లకు మార్చిపెట్టాను కూడా. వాళ్లలో కొందరు నెలలోనే వెనక్కి వెళ్లిపోయారు, కొందరు ఇప్పటికీ వాడుతున్నారు. నిలబడినవాళ్లందరూ సిస్టమ్ మార్చకముందే ప్రోగ్రామ్‌లు మార్చుకున్నవాళ్లే. ఈ మార్గదర్శి ఆ వరుసలోనే నడుస్తుంది. తొందర లేకపోతే రెండు నెలలు పెట్టుకోండి.

తొందర ఉన్నవాళ్లూ ఉన్నారని తెలుసు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలనడం లాంటి షరతులు ఉండటంతో, బాగానే నడుస్తున్న మెషీన్లు చాలా ఎటూ కాకుండా మిగిలాయి. వాటికి లినక్స్ మంచి దారి. అయినా కింది మొదటి రెండు అడుగులను మాత్రం దాటేయకండి.

1. వారం రోజులు కాగితం పక్కన పెట్టుకోండి

కంప్యూటర్‌లో తెరిచిన ప్రతి ప్రోగ్రామ్ పేరూ, దేనికోసం తెరిచారో రాయండి. ప్రింటర్, స్కానర్, వెబ్‌క్యామ్, బ్లూటూత్ హెడ్‌సెట్, డిజిటల్ సంతకం టోకెన్ లాంటివి వాడితే వాటి మోడల్ నంబర్లు కూడా. వారం తర్వాత చూస్తే చాలామందికి ఆ జాబితాలో ముప్పావు వంతు బ్రౌజర్‌లో చేసే పనే ఉంటుంది. ఆ భాగానికి ఏ సిస్టమ్ అయినా ఒకటే.

మిగిలిన పావు వంతునే నిజాయితీగా చూసుకోవాలి. ఫోటోషాప్, ప్రీమియర్ మీద మీ జీతం ఆధారపడి ఉంటే అవి లినక్స్‌లో నడవవు. విండోస్ ప్రోగ్రామ్‌లను లినక్స్‌లో నడిపించే వైన్‌తో ఏదో ఒక పాత వెర్షన్‌ను నడిపించుకోవచ్చేమో గానీ, దాన్ని నమ్ముకుని గడువున్న పని ఒప్పుకోవద్దు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లదీ అదే సంగతి, వాటి వెబ్ రూపం మాత్రం బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. ఆటల విషయం ఒకప్పటిలా లేదు. 2018లో వాల్వ్ సంస్థ విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపించే ప్రోటాన్ తెచ్చాక, దాని ఆటల దుకాణం స్టీమ్‌లోని విండోస్ ఆటలు చాలా వరకు నేరుగా నడుస్తున్నాయి. సిస్టమ్ మూలభాగమైన కెర్నల్ స్థాయిలో మోసాన్ని కనిపెట్టే యాంటీ చీట్ ఉన్న ఆన్‌లైన్ ఆటల దగ్గరే ఎక్కువగా చిక్కు. మీరు ఆడే ఆట పేరు ప్రోటాన్‌డీబీ సైట్‌లో వెతికితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

జాబితాలో ప్రత్యామ్నాయం లేని ప్రోగ్రామ్ ఒక్కటి ఉన్నా, విండోస్, లినక్స్ రెండూ పక్కపక్కనే ఉండే డ్యూయల్ బూట్ పెట్టుకోండి. అందులో ఓటమేమీ లేదు. నేను మొదటి నాలుగేళ్లు అలాగే ఉన్నాను.

2. ఉన్న సిస్టమ్‌లోనే ప్రోగ్రామ్‌లు మార్చండి

అసలు మార్పు ఇక్కడే జరుగుతుంది. ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్, లిబ్రేఆఫీస్, వీఎల్‌సీ, గింప్, ఇంక్‌స్కేప్, ఆడాసిటీ, కీపాస్ఎక్స్‌సీ అన్నీ విండోస్‌లోనూ నడుస్తాయి. వాటిని ఇప్పుడే దించుకుని నెల రోజులు వాటితోనే పని చేయండి. చిరాకు వచ్చినప్పుడు పాత ప్రోగ్రామ్ పక్కనే ఉంటుంది కాబట్టి పని ఆగదు. సిస్టమ్ మార్చిన రోజున మీ చేతికి అలవాటైన బటన్లే కనబడతాయి. కొత్తగా నేర్చుకోవాల్సింది సగానికి సగం తగ్గిపోతుంది.

ఎక్కువ ఇబ్బంది పెట్టేది లిబ్రేఆఫీస్. అది చెడ్డదని కాదు. అవతలివాళ్లు పంపే వర్డ్ (డాక్స్) ఫైళ్లు అందులో చెదరడమే సమస్య. ఎందుకు చెదురుతాయో ఒకసారి అర్థమైతే సగం కోపం పోతుంది. ఒక మిత్రుడి రెజ్యూమె ఉదాహరణ చెబుతాను. అతని దగ్గర ఒక పేజీలో సరిగ్గా సరిపోయింది. నా దగ్గర తెరిస్తే చివరి రెండు లైన్లు రెండో పేజీకి జారాయి. ఫార్మాట్ దెబ్బతిందనుకున్నాను. తీరా చూస్తే ఆ ఫైల్లో ఫాంట్ కాలిబ్రి, నా మెషీన్‌లో అది లేదు. దాని బదులు వేరే ఫాంట్ వచ్చి కూర్చుంది, దాని అక్షరాలు వెంట్రుకవాసి ఎక్కువ వెడల్పు. లైనుకు ఒక మాట చొప్పున కిందికి నెట్టుకుంటూ పోతే పేజీ పొంగిపోయింది.

దీనికి మందు ఉంది. కాలిబ్రి కొలతలతోనే తయారైన కార్లిటో, కేంబ్రియాకు బదులు కాలడియా, టైమ్స్ న్యూ రోమన్, ఏరియల్‌లకు బదులు లిబరేషన్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. అక్షరం రూపం కాస్త వేరైనా వెడల్పు అదే కాబట్టి లైన్లు ఉన్నచోటే ఉంటాయి. కార్లిటో వేశాక ఆ రెజ్యూమె మళ్లీ ఒకే పేజీలోకి వచ్చింది. కాబట్టి ఎవరి ఫైలైనా చెదిరి కనబడితే, ప్రోగ్రామ్‌ను తిట్టుకునే ముందు ఫాంట్ పేరు చూడండి.

ఇంకో రెండు అలవాట్లు చేసుకోండి. అవతలివాళ్లు చదవడానికే అయితే పీడీఎఫ్ పంపండి. మీ సొంత ఫైళ్లను ఓడీటీ, ఓడీఎస్ రూపంలో దాచుకోండి. ఈ ఓపెన్‌డాక్యుమెంట్ ఫార్మాట్ 2006లో అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తింపు పొందింది. ఏ ఒక్క కంపెనీ ఉన్నా లేకపోయినా దాన్ని తెరిచే ప్రోగ్రామ్ ఎవరైనా రాయవచ్చు. కోడ్ అందరికీ తెరిచి ఉండే ఓపెన్ సోర్స్ మీద నాకున్న ఇష్టానికి అసలు కారణం ఇదే. డబ్బు పెట్టకుండా దొరకడం బాగానే ఉంటుంది గానీ, నేను రాసుకున్నది పాతికేళ్ల తర్వాత కూడా నేను తెరుచుకోగలగడం అంతకన్నా పెద్ద విషయం.

3. డిస్ట్రో ఎంపికకు ఒక్క సాయంత్రం చాలు

డిస్ట్రో అంటే లినక్స్‌లో ఒక రకం. దీనిమీద జనం నెలలు గడిపేస్తారు, అంత అవసరం లేదు. విండోస్ నుంచి వస్తుంటే లినక్స్ మింట్, సినమన్ డెస్క్‌టాప్‌తో. కింద టాస్క్‌బార్, ఎడమ మూల మెనూ, అన్నీ ఎదురుచూసిన చోటే ఉంటాయి. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్ అయితే అదే మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం. మెషీన్ మరీ కొత్తదైతే కొత్త కెర్నల్ తొందరగా అందించే ఫెడోరా మేలు, కాకపోతే దాని ఒక్కో వెర్షన్‌కు మద్దతు 13 నెలలే కాబట్టి ఏడాదికోసారైనా అప్‌గ్రేడ్ తప్పదు. ఉబుంటు అనే డిస్ట్రో ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) వెర్షన్లకు ఐదేళ్లు, మింట్ నిలబడేది ఆ పునాది మీదే.

ఏది ఎంచుకున్నా ఆరు నెలలు దాన్ని వదలకండి. ఏదో ఒకటి నచ్చనప్పుడల్లా డిస్ట్రో మారిస్తే ప్రతిసారీ మొదటి వారమే గడుస్తుంది, రెండో వారం ఎప్పటికీ రాదు.

4. బ్యాకప్, అదీ తీసేసి పక్కన పెట్టిన డిస్క్‌లో

బ్యాకప్ తీసుకోమని అందరూ చెబుతారు. తీసిన డిస్క్‌ను మెషీన్ నుంచి విడదీయమని నాకెవరూ చెప్పలేదు.

కొత్తలో ఒక ల్యాప్‌టాప్‌కు లినక్స్ వేస్తూ, ముందు జాగ్రత్తగా ఫోటోలన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేశాను. కాపీ అయ్యాక దాన్ని పీకలేదు. ఇన్‌స్టాలర్ డిస్క్‌ల జాబితా చూపించింది: ఎస్‌డీఏ, ఎస్‌డీబీ. రెండూ ఒకే సైజు. మొత్తం డిస్క్ తుడిచేయి అనేదాన్ని ఎంచుకుని ముందుకు నొక్కాను. పది నిమిషాల తర్వాత గానీ తెలియలేదు, తుడిచింది బయటి డిస్క్‌ను. లోపలిదాన్ని అప్పటికే ఫార్మాట్ చేసి ఉన్నాను. ఫోటోరెక్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ రెండు రోజులు నడిచి చాలా ఫోటోలు వెలికితీసింది గానీ, ఫైళ్ల పేర్లు, ఫోల్డర్లు ఏవీ మిగల్లేదు. అంకెల పేర్లతో వేలకొద్దీ ఫైళ్లు. మా నాన్నగారి ఫోటోలు వాటిలోంచి ఏరుకోవడానికి చాలా వారాలు పట్టింది, కొన్ని దొరకనే లేదు.

అందుకే ఇలా చేయండి. కాపీ చేయండి. కాపీలోంచి ఓ పది ఫైళ్లు, వేర్వేరు ఫోల్డర్లవి, తెరిచి చూడండి. బ్రౌజర్ బుక్‌మార్క్‌లు, పాస్‌వర్డ్‌ల ఫైలు, మెయిల్ ఫోల్డర్ మరిచిపోవద్దు. ఇవన్నీ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఉండవు. తర్వాత ఆ డిస్క్‌ను పీకి వేరే గదిలో పెట్టండి. ఇన్‌స్టాల్ అంతా అయి, సిస్టమ్ రెండుసార్లు రీస్టార్ట్ అయ్యేదాకా అది ఆ గదిలోనే ఉండాలి.

5. పెన్‌డ్రైవ్ చేసి, లైవ్‌లో పరీక్షించండి

8 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది, అందులో ఉన్నదంతా పోతుందని గుర్తుంచుకోండి. డిస్ట్రో అధికారిక సైట్ నుంచే సిస్టమ్ మొత్తం ఉండే ఐఎస్ఓ ఫైలు దించుకోండి. రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో గానీ, వెంటాయ్‌తో గానీ పెన్‌డ్రైవ్ తయారవుతుంది.

ఐఎస్ఓ దిగాక దాని షా256 మొత్తాన్ని, అంటే ఫైలు ఏమాత్రం మారినా తానూ మారిపోయే పొడవాటి అంకెను, సైట్‌లో ఇచ్చినదానితో పోల్చండి. దీన్ని చాదస్తం అనుకోకండి. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ సైట్‌నే ఎవరో హ్యాక్ చేసి, డౌన్‌లోడ్ లింకును దొంగచాటు దారి ఉన్న ఐఎస్ఓ వైపు తిప్పారు. సైట్‌లోని అంకెను కూడా దొంగ మార్చేయగలడు కాబట్టి, ఆ అంకెల ఫైలు అసలువాళ్లదేనని చూపే జీపీజీ సంతకం కూడా సరిచూస్తే ఇంకా మంచిది. సైట్లలో ఈ పద్ధతి వరుసగా రాసి ఉంటుంది.

మెషీన్ ఆన్ చేస్తూ ఎఫ్12, ఎఫ్2, ఎస్కేప్, డిలీట్‌లలో మీ కంపెనీ పెట్టిన కీ నొక్కి పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయండి. డెస్క్‌టాప్ వస్తుంది. ఇన్‌స్టాల్ బొమ్మ కనబడుతుంది, దాన్ని ఇప్పుడే ముట్టుకోకండి. ఈ లైవ్ స్థితిలో మీ డిస్క్ మీద ఏదీ మారదు. మొదటి అడుగులో రాసుకున్న కాగితం తీసి ఒక్కొక్కటీ చూడండి. వైఫై వస్తోందా? శబ్దం, మైకు పనిచేస్తున్నాయా? వెలుతురు తగ్గించే కీలు? వెబ్‌క్యామ్, బ్లూటూత్? ల్యాప్‌టాప్ మూసి రెండు నిమిషాల తర్వాత తెరిస్తే మేలుకుంటోందా? అందరూ మరిచిపోయేది ఈ చివరిదే, తర్వాత ఎక్కువ విసిగించేదీ ఇదే.

వైఫై రాకపోతే బెంగపడకండి. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేయండి. చాలా ఫోన్లను లినక్స్ వైర్డ్ నెట్‌వర్క్‌లా పట్టుకుంటుంది. ఆ నెట్‌తో వైఫై డ్రైవర్ దించుకోవచ్చు. ఈ ఒక్క చిట్కా తెలియక ఇన్‌స్టాల్ వదిలేసినవాళ్లను చూశాను.

6. ఇన్‌స్టాల్

విండోస్ తీసేస్తుంటే ఇది ఇరవై నిమిషాల పని, తెర మీద అడిగినదానికి జవాబు చెప్పుకుంటూ పోవడమే. డ్యూయల్ బూట్ అయితే ముందు విండోస్‌లో మూడు పనులున్నాయి.

ఒకటి, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. పార్టిషన్ (డిస్క్‌లో విడదీసిన భాగం) కదిలినా, బూట్ సెట్టింగ్ మారినా విండోస్ ఆ 48 అంకెల కీ అడుగుతుంది. అది లేకపోతే మీ డేటా మీకే అందదు. రెండు, ఫాస్ట్ స్టార్టప్ ఆపండి. అది ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. దాంతో ఆ డ్రైవ్‌లో లినక్స్ రాయలేదు, చదవడం మాత్రమే కుదురుతుంది. మూడు, విండోస్ పార్టిషన్‌ను విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే కుదించండి. లినక్స్‌కు 60 జీబీకి తగ్గకుండా వదలండి.

ఇన్‌స్టాలర్‌లో డిస్క్ అసలు కనబడకపోతే, మెషీన్ ఆన్ కాగానే తెరుచుకునే బయోస్ సెట్టింగుల్లో స్టోరేజ్ మోడ్ రెయిడ్ లేదా ఆర్‌ఎస్‌టీలో ఉండి ఉంటుంది. లినక్స్‌కు ఏహెచ్‌సీఐ మోడ్ కావాలి. కానీ దాన్ని ఊరికే మార్చేస్తే విండోస్ బూట్ కాకుండా పోవచ్చు. ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌కు సిద్ధం చేసి, అప్పుడు మార్చాలి.

పార్టిషన్ తెర దగ్గర చేయి కీబోర్డు మీద నుంచి తీసి, ఒకసారి నెమ్మదిగా చదవండి. డిస్క్ పేరు చూడండి, సైజు చూడండి, మోడల్ చూడండి. ఈఎఫ్ఐ అని ఉన్న చిన్న పార్టిషన్‌ను వాడుకోమని చెప్పండి, ఫార్మాట్ మాత్రం చేయకండి, విండోస్ బూట్ ఫైళ్లు ఉండేది అందులోనే. సొంత ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్‌ను విడి పార్టిషన్‌గా పెట్టుకోవడం నాకిష్టం. రేపు సిస్టమ్ మళ్లీ వేయాల్సి వచ్చినా సొంత ఫైళ్లు, సెట్టింగులు ఉన్నచోటే ఉంటాయి. ల్యాప్‌టాప్ బయటికి తీసుకెళ్లేవాళ్లు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే డిస్క్‌కు తాళం వేసే ఎన్‌క్రిప్షన్ పెట్టుకోండి, తర్వాత పెట్టడం పెద్ద పని.

7. మొదటి రోజు

ముందు అప్‌డేట్‌లన్నీ వేయండి. తర్వాత డ్రైవర్ మేనేజర్ తెరిచి గ్రాఫిక్స్ కార్డుకు సిఫారసు చేసిన డ్రైవర్ ఉంటే వేయండి. కంపెనీ సైట్ నుంచి దించుకున్న డ్రైవర్ ఫైలు జోలికి పోవద్దు, తర్వాతి కెర్నల్ అప్‌డేట్‌కు అది ఇరుక్కునే అవకాశం ఎక్కువ.

ఆ వెంటనే టైమ్‌షిఫ్ట్ తెరిచి మొదటి స్నాప్‌షాట్ తీయండి, రోజుకొకటి తీసేలా పెట్టండి. ఇది సిస్టమ్ ఫైళ్లను మాత్రమే వెనక్కి తిప్పుతుంది. మీ ఫోటోలు, డాక్యుమెంట్లకు విడిగా బ్యాకప్ కావాలి, దానికి డేజా డూప్ సులువు.

డ్యూయల్ బూట్ చేసినవాళ్లకు విండోస్‌లోకి వెళ్లినప్పుడు గడియారం గంటల తేడాతో కనబడుతుంది. మదర్‌బోర్డు గడియారంలో విండోస్ స్థానిక సమయాన్ని ఉంచుతుంది, లినక్స్ ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీని ఉంచుతుంది. రెండూ ఒకదాని పని ఒకటి దిద్దుకుంటూ ఉంటాయి. ఏదో ఒకదాన్ని రెండోదాని పద్ధతికి మారిస్తే సరి.

తెలుగు టైపింగ్‌కు ఐబస్ అనే కీబోర్డు ప్రోగ్రామ్‌లో ఎం17ఎన్ (m17n) ప్యాకేజీ వేసుకోండి. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ టైపింగ్ పద్ధతులు రెండూ అందులో ఉన్నాయి. ఒకసారి లాగవుట్ అయి వస్తే గానీ జాబితాలో కనబడకపోవచ్చు. నోటో తెలుగు ఫాంట్లు చాలా డిస్ట్రోలలో ముందే ఉంటాయి.

కొత్త ప్రోగ్రామ్ కావాలంటే మొదట డిస్ట్రో సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వెతకండి. అక్కడ పాత వెర్షన్ ఉంటే ఫ్లాట్‌హబ్ సైట్ నుంచి, ఏ డిస్ట్రోలోనైనా నడిచే ఫ్లాట్‌ప్యాక్. అదీ లేకపోతేనే బయటి సైట్లు. విండోస్ అలవాటు కొద్దీ ముందే బ్రౌజర్ తెరిచి డౌన్‌లోడ్ బటన్ వెతుకుతాం, పోగొట్టుకోవాల్సిన అలవాటు అదే.

8. టెర్మినల్

ఆదేశాలు టైప్ చేసే కిటికీయే టెర్మినల్. అది లేకుండా కూడా రోజులు గడిచిపోతాయి. అయినా నేర్చుకోమంటాను. ఎవరైనా సాయం చేసేటప్పుడు పది బొమ్మలు చూపించే బదులు ఒక్క లైను ఇస్తే సరిపోతుంది. మూడు సంగతులు తెలిస్తే మొదట్లో ఉండే టెన్షన్ పోతుంది. అడ్మిన్ హక్కుతో ఆదేశం నడిపే సుడో (sudo) పాస్‌వర్డ్ అడిగినప్పుడు మీరు టైప్ చేస్తున్నా తెర మీద చుక్కలు కూడా కనబడకపోవచ్చు, టైప్ చేసి ఎంటర్ కొట్టండి. టెర్మినల్‌లో కాపీకి కంట్రోల్ సీ కాదు, దానికి షిఫ్ట్ కలపాలి. వట్టి కంట్రోల్ సీ నడుస్తున్న పనిని ఆపేస్తుంది. ఫైలు పేర్లలో ఇంగ్లీషు పెద్దక్షరం, చిన్నక్షరం రెండూ వేరు.

ఇక ఒక కట్టుబాటు. సుడోతో మొదలయ్యే లైనును, అందులో ప్రతి మాటా ఏం చేస్తుందో తెలియకుండా అతికించకండి. ముఖ్యంగా ఆర్‌ఎం (rm), డీడీ (dd) అనే మాటలు కనబడితే ఆగండి. మొదటిది ఫైళ్లను చెత్తబుట్టలో వేయకుండా నేరుగా తీసేస్తుంది. రెండోదానికి డిస్క్ పేరులో ఒక్క అక్షరం తప్పిచ్చినా డిస్క్ మొత్తం తిరగరాసేస్తుంది.

9. నల్ల తెర వస్తే

ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. నాకు ఒక అప్‌డేట్ తర్వాత రాత్రి పదకొండింటికి వచ్చింది. లోగో కనబడి పోయింది, ఆ తర్వాత ఎడమ మూల గీత ఒక్కటే మిణుకుమంటోంది. పొద్దున్నే అప్పగించాల్సిన పని ఆ మెషీన్‌లోనే ఉంది.

రీస్టార్ట్ చేసి, ఆన్ అవుతుండగా ఎస్కేప్ నొక్కాను. పాత బయోస్ మెషీన్లలో అయితే షిఫ్ట్ పట్టుకోవాలి. ఏది బూట్ చేయాలో అడిగే గ్రబ్ మెనూ వచ్చింది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే రెండు కెర్నల్‌లు కనిపించాయి, కొత్తదీ, అంతకు ముందుదీ. అప్‌డేట్ అయినా పాత కెర్నల్‌ను సిస్టమ్ వెంటనే తీసేయదు, సరిగ్గా ఇలాంటి రాత్రి కోసమే. పాతదాన్ని ఎంచుకుంటే డెస్క్‌టాప్ మామూలుగా తెరుచుకుంది. నాలుగు నిమిషాలు పట్టింది. పని పూర్తిచేసి పడుకున్నాను. కొత్త కెర్నల్‌కు గ్రాఫిక్స్ డ్రైవర్ సరిగా జతపడలేదని మర్నాడు తెలిసింది, డ్రైవర్ మళ్లీ వేస్తే సర్దుకుంది.

పాత కెర్నల్‌తోనూ రాకపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. అక్షరాల తెర వస్తే లాగిన్ అయి టైమ్‌షిఫ్ట్‌ను అక్కడి నుంచే నడపొచ్చు. అదీ రాకపోతే ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ ఉండనే ఉంది, లైవ్‌లో బూట్ చేసి అందులోని టైమ్‌షిఫ్ట్‌తో పాత స్నాప్‌షాట్‌కు తిప్పొచ్చు. ఆ పెన్‌డ్రైవ్‌ను చెరపకుండా సొరుగులో పెట్టుకోండి.

10. సాయం అడగడం, సాయం చేయడం

"వైఫై రావట్లేదు, అర్జెంట్" అని అడిగితే జవాబు రాదు. డిస్ట్రో పేరు, వెర్షన్, మెషీన్ మోడల్, ఎప్పటి నుంచి, అంతకు ముందు ఏం మార్చారు, మీరు ఏం చేసి చూశారు, తెర మీద కనబడిన మాటలు ఉన్నవి ఉన్నట్టుగా. ఇవి రాస్తే చాలాసార్లు రాస్తుండగానే కారణం మీకే తడుతుంది. పరిష్కారం దొరికాక అదే చోట రాసి పెట్టండి.

అవతల జవాబిచ్చేవాళ్లు జీతగాళ్లు కారని గుర్తుంటే మాట తీరు దానంతటదే మారుతుంది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ లైబ్రరీలో దొంగ తలుపు బయటపడింది. దాన్ని నడిపే మనిషి ఏళ్ల తరబడి దాదాపు ఒంటరిగా మోసుకొస్తూ అలసిపోయాడు. మారుపేరుతో వచ్చిన ఒకరు సాయం చేస్తూ రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, చివరికి అందులో విషం కలిపారు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ తన మెషీన్‌లో లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వితే బయటపడింది. సోర్స్ తెరిచి ఉంది కాబట్టే అతను అంత లోతుగా తవ్వగలిగాడు. అయితే ఆ ఒంటరి మనిషికి ముందే నిజమైన తోడు దొరికి ఉంటే కథ అంతదాకా వచ్చేది కాదని నాకు అనిపిస్తుంది.

కోడ్ రాయడం రాకపోయినా చేయగలిగిన పనులున్నాయి. రోజూ వాడే ప్రోగ్రామ్‌లలో ఒకదానికి ఏటా కొంత విరాళం పంపండి. బగ్ కనబడితే, దాన్ని మళ్లీ రప్పించే వరుసతో సహా రిపోర్ట్ చేయండి. తెలుగు అనువాదాలు సరిచూడండి. లిబ్రేఆఫీస్ సహా చాలా ప్రాజెక్టులు వెబ్లేట్ మీద అనువాదాలు చేయిస్తాయి, బ్రౌజర్ ఉంటే చాలు. నా మొదటి సాయం అదే. ఒక చిన్న నోట్స్ ప్రోగ్రామ్ మెనూలో ఒక తెలుగు మాటకు దీర్ఘం తప్పింది. దిద్ది పంపాను. కొన్ని వారాల తర్వాత అప్‌డేట్ వచ్చింది. మెనూ తెరిచాను, దీర్ఘం ఉంది.